రోంత చోటు: నడుస్తున్న ఆటలోకి కొత్త పాత్ర

మా ఆటలోకి ఆరో మనిషి వచ్చిన రాత్రి మా డీఎం ఒక సత్రం కట్టాడు. బయట జోరున వాన. (అనంతపురంలో కాదులెండి, కథలో.) మా నలుగురి పాత్రలూ పొయ్యి చుట్టూ చేరి ఉన్నాయి. తలుపు తెరుచుకుంది. తడిసిన కంబళి కప్పుకుని, భుజాన సమ్మెటతో ఒక మరుగుజ్జు కమ్మరి గడపలో నిలబడింది. “ఇంక మీరూ మీరూ పరిచయం చేసుకోండి” అని డీఎం కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ కమ్మరి మా వైపు చూసి అంది: “ఏమప్పా, గడియ గూడా పెట్టుకోకుండా కూసోనుండారు? నాకు రోంత చోటిస్తారా?”

అందరం పడీ పడీ నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

ఈ వ్యాసం ఆ నవ్వు గురించి. కానీ దాని దగ్గరికి నేరుగా వెళ్తే అదొక సొంత బాధలా మిగిలిపోతుంది. అసలు ప్రశ్న అంతకంటే పెద్దది, పాతది: ఇప్పటికే నడుస్తున్న కథలోకి, ఇప్పటికే ఒకరికొకరు అలవాటైపోయిన మనుషుల మధ్యకి, కొత్త పాత్ర ఎలా రావాలి? టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆడేవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొనే ప్రశ్నే ఇది. కథలు రాసేవాళ్లకీ కొత్తది కాదు. అనంతపురం వైపు తోలుబొమ్మలాట ఆడేవాళ్లకైతే అసలే కాదు.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరి చేతుల్లో పుట్టింది. ఒకరు లోకాన్ని నడుపుతారు, ఆయన్ని డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. డీఎం పరిస్థితి చెప్తాడు, మనం మన పాత్ర ఏం చేస్తుందో చెప్తాం, తేలనిచోట పాచిక తేలుస్తుంది. ఇందులో బోర్డు కంటే మాట ముఖ్యం. ఒక్కో కథ ఏళ్ల తరబడి సాగుతుంది, దాన్ని కాంపెయిన్ అంటారు. మాది 2020లో మొదలైంది. లాక్‌డౌన్‌లో బెంగళూరు నుంచి లాప్‌టాప్‌లు సంకనేసుకుని ఇంటికొచ్చిన నలుగురు ఇంజినీర్లం, మా మిద్దె మీద, బొరుగులు నములుతూ మొదలుపెట్టాం. అయిదో అతను విజయవాడ నుంచి వీడియో కాల్‌లో వచ్చేవాడు. ఆఫీసులు మళ్లీ తెరిచాక కూడా నెలకో శనివారం బస్సెక్కి వచ్చి ఆడుతూనే ఉన్నాం.

అంటే ఆరో మనిషి వచ్చేసరికి మా మధ్య ఏళ్ల కథ ఉంది. లోపలి జోకులున్నాయి. “ఆ వంతెన దగ్గర జరిగినట్టు” అని ఎవరైనా అంటే అందరికీ అర్థమవుతుంది. ఆమెకి తప్ప.

*

ఈ సమస్యకి ఆట ఇచ్చిన జవాబుల చరిత్ర చూస్తే తమాషాగా ఉంటుంది. తొలి రోజుల్లో కొత్త పాత్ర సాధారణంగా మొదటి లెవెల్ నుంచే మొదలయ్యేది. పక్కవాళ్లు ఎనిమిదో లెవెల్‌లో ఉండి రాక్షసుల్ని నరుకుతుంటే, కొత్తగా వచ్చినవాడు కాగడా పట్టుకుని వెనక నడవాలి. కంపెనీలో చేరిన కొత్తలో మనమూ అట్లా నడిచినవాళ్లమే కనుక వివరించనక్కర్లేదు. తర్వాత అది అన్యాయం అనిపించి, అందరితో సమానమైన లెవెల్ ఇవ్వడం మామూలైంది. అంకెల అసమానత పోయింది. అయితే కొత్తవాళ్ల అవస్థ అంకెల్లో మాత్రమే ఉందా?

తర్వాత వచ్చిన ఆటలు సంబంధాల మీద పడ్డాయి. 2012లో వచ్చిన డంజన్ వరల్డ్‌లో పాత్ర తయారయ్యేటప్పుడే బంధాలు రాసుకోవాలి: ఫలానావాడి ప్రాణం నేను కాపాడాను, ఫలానావాడి రహస్యం నాకు తెలుసు, ఇట్లా. ఖాళీల్లో పక్కవాళ్ల పేర్లు నింపుతాం. 2009 నాటి ఫియాస్కోలో అయితే ముందు సంబంధాలే పుడతాయి, పాత్రలు వాటిలోంచి వస్తాయి. ఈ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. మన ఊళ్లలో కొత్త మనిషి కనిపిస్తే మొదట అడిగేది పేరు కాదు కదా, “ఎవరి తాలూకు?” అని. కానీ ఇవన్నీ అందరూ ఒకేరోజు మొదలుపెట్టినప్పుడు బాగా పనిచేసే ఏర్పాట్లు. నాలుగేళ్లు నడిచాక వచ్చినవాళ్లకి, ఖాళీలో పేరు నింపడం తప్పుడు ధ్రువపత్రం తెచ్చుకున్నట్టే ఉంటుంది.

బాగా జరిగిన ఉదాహరణ కావాలంటే క్రిటికల్ రోల్ చూడొచ్చు. 2015 నుంచి నటులు కొందరు తమ ఆటని ప్రపంచానికి చూపిస్తున్న కార్యక్రమం అది. రెండో కాంపెయిన్‌లో టాలిసన్ జాఫే ఆడే మాలీమాక్ అనే పాత్ర చచ్చిపోతుంది. కొన్నాళ్లకే ఆయన కడ్యూసియస్ క్లే అనే మరో పాత్రతో తిరిగొస్తాడు. ఈ కొత్త పాత్ర ఒక స్మశానాన్ని కనిపెట్టుకుని ఉండేవాడు, సమాధుల మీద మొలిచిన మొక్కలతో టీ కాచి ఇస్తాడు. బందీలైన స్నేహితుల్ని విడిపించడానికి సాయం వెతుక్కుంటూ మిగతావాళ్లే అతని గడప తొక్కుతారు. అతని అడవికి తెగులు పట్టింది, అతనికీ బయటికి పోవలసిన పని ఉంది. ఇందులో వాళ్ల అవసరం ఉంది, అతని అవసరమూ ఉంది. పైగా గడప అతనిది.

మా డీఎం సత్రంతో పోల్చండి. మేము పొయ్యి దగ్గర ఉన్నాం, ఆమె గడపలో. మాకు ఆమెతో పనిలేదు. ఆమె మమ్మల్ని చోటు అడగాలి. ఆ దృశ్యం కట్టిన తీరులోనే ఎవరు లోపల, ఎవరు బయట అన్నది తేలిపోయింది.

అయితే కడ్యూసియస్ ఉదాహరణలో ఒక మెలిక ఉంది. అక్కడ కొత్తది పాత్ర మాత్రమే. దాన్ని ఆడే మనిషి మొదటిరోజు నుంచీ ఆ బల్ల దగ్గర ఉన్నవాడే. అతను ఏం మాట్లాడినా వినడానికి చెవులు సిద్ధంగా ఉన్నాయి. పాత్ర కొత్తదై మనిషి పాతవాడైతే అది కథా సమస్య. మనిషే కొత్తయితే అది సంఘం సమస్య. ఆట పుస్తకాలు మొదటిదానికి జవాబు చెప్పి రెండోదానికీ చెప్పేసినట్టు అనుకుంటాయి.

*

రెండోదానికి జవాబు వెతికితే నాకు మన విరాటపర్వం కనిపించింది.

వానలు పడకపోతే విరాటపర్వం చదివించడం తెలుగు పల్లెల్లో ఉన్న నమ్మకం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే మా జిల్లాలో ఆ పర్వం ఎంత పరిచయమో చెప్పక్కర్లేదు. తోలుబొమ్మలాటవాళ్ల కథల్లోనూ అదొకటి. చిన్నప్పుడు నాకది కీచకుణ్ణి చంపే కథ, ఆవుల కోసం యుద్ధం కథ. ఇప్పుడు చదివితే, దాదాపు పుస్తకమంతా ఒకే విషయం గురించి అనిపిస్తుంది: కుదురుకున్న కొలువులోకి కొత్త పాత్రలు ప్రవేశించడం.

పాండవులు కలిసి రారు. ఒక్కొక్కరే వస్తారు. ధర్మరాజు కంకుభట్టుగా, భీముడు వలలుడుగా, అర్జునుడు బృహన్నలగా, నకుల సహదేవులు దామగ్రంథి, తంత్రీపాలుడుగా, ద్రౌపది సైరంధ్రిగా. వచ్చిన ప్రతి ఒక్కరినీ కొలువు అడుగుతుంది: ఎవరు నువ్వు, ఏం పని వచ్చు? ప్రతి ఒక్కరూ ఒక పని చెప్తారు. వంట, గుర్రాలు, ఆవులు, నాట్యం. మొదట వచ్చిన కంకుభట్టు తెచ్చుకున్న విద్య పాచికలు! మా ఆటవాళ్లకి ఇంతకంటే దగ్గరి బంధువు ఎవరున్నారు?

ఈ ప్రవేశాల్లో నాకు రెండు విషయాలు ముఖ్యం. ఒకటి, విరాటుడు అడుగుతాడు. వచ్చినవాణ్ణి “పరిచయం చేసుకో” అని వదిలేసి కుర్చీలో వాలిపోడు. నువ్వు రాజులా ఉన్నావే, వంటవాడిలా లేవే అని అనుమానం కూడా చూపిస్తాడు. ఆ అనుమానమే వచ్చినవాళ్లకి మాట్లాడే వీలు ఇస్తుంది. మన యక్షగానాల్లో, భామాకలాపంలో జరిగేదీ అదే. పాత్ర ప్రవేశ దరువుతో తెర వెనక నుంచి వస్తుంది, తన గొప్ప తానే చెప్పుకుంటుంది, నిజమే. కానీ రంగం మీద ముందే ఉన్న సూత్రధారుడు మాట కలిపి, తెలియనట్టు నటించి, గుచ్చి గుచ్చి అడుగుతాడు. సత్యభామ అంతటి ఆమెని కూడా నువ్వెవరమ్మా అని అడిగే మనిషి ఒకడు కావాలి. అడిగే బాధ్యత పాతవాళ్లది. ఇది మన నాటకం ఎప్పుడో కనిపెట్టిన సూత్రం.

రెండోది, సుధేష్ణ ద్రౌపదిని అడిగే ఘట్టం. రాణికి భయం: ఇంత అందగత్తెని ఇంట్లో పెట్టుకుంటే నా మొగుడి చూపు నిలుస్తుందా? కొత్త మనిషిని చూసి పాతవాళ్లకి కలిగే భయాన్ని ఇంత నిజాయితీగా చెప్పిన సన్నివేశాలు తక్కువ. దానికి ద్రౌపది ధైర్యం చెప్పి, తన షరతులూ చెప్తుంది. ఎంగిలి తినను, కాళ్లు కడగను, నా జోలికి వస్తే గంధర్వులైన నా భర్తలు ఊరుకోరు. సుధేష్ణ ఒప్పుకుంటుంది. ఇప్పటి ఆటవాళ్లు దీన్ని ‘సెషన్ జీరో’ అంటారు. ఆట మొదలుకాకముందే కూర్చుని ఏది సరే, ఏది వద్దు అని మాట్లాడుకోవడం. మేము కాంపెయిన్ మొదట్లో మాట్లాడుకున్నాం. ఆమె వచ్చినప్పుడు మళ్లీ మాట్లాడుకోవాలని మాకు తోచలేదు. ముందే నిర్ణయమైపోయిన ఇంట్లోకి ఆమెని రమ్మన్నాం.

ఇంకొక మాట. తిక్కన కూడా అట్లాగే వచ్చాడు కదా! నన్నయ మొదలుపెట్టి ఆగిపోయిన పనిలోకి రెండు శతాబ్దాల తర్వాత వచ్చి, ఆయన వదిలేసిన అరణ్యపర్వ శేషాన్ని ముట్టుకోకుండా, సరిగ్గా విరాటపర్వంతో మొదలుపెట్టాడు. కారణాలు పండితులు రకరకాలుగా చెప్తారు. నాకు మటుకు అదొక సరదా ఊహ: ఇంకొకరి కాంపెయిన్‌లోకి వచ్చినవాడు, కొత్తవాళ్లు ఇంకొకరి కొలువులోకి వచ్చే కథతోనే మొదలుపెట్టాడు. నన్నయ గొంతుతో పాడే ప్రయత్నం చేయలేదు. తన తెలుగు తాను తెచ్చుకున్నాడు.

*

తన తెలుగు తాను తెచ్చుకోవడం. అసలు విషయం ఇక్కడుంది.

ధర్మవరం మండలంలో నిమ్మలకుంట అని ఊరు. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. తోలుబొమ్మలకి పేరున్న ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఈ ఆట కట్టే కుటుంబాలు తరాల కింద మరాఠా ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో మరాఠీ యాస మాట్లాడతారు, తెర వెనక తెలుగు పాడతారు. అంటే ఈ నేలకి వాళ్లే ఒకప్పుడు కొత్త పాత్రలు. ఇప్పుడు రాత్రంతా సాగే ఆటలు తగ్గిపోయి, అదే మేకతోలు మీద అవే రంగులతో దీపాల గూళ్లు చేసి అమ్ముతున్నారు. బెంగళూరు అపార్ట్‌మెంట్ల హాల్లో వేలాడే హనుమంతుడు ఒకప్పుడు తెల్లపంచె మీద, ఆముదం దీపాల వెలుగులో సముద్రం దాటినవాడు.

ఈ ఆటలో రామాయణం, భారతం నడుస్తూ ఉండగా మధ్యలో కేతిగాడు దూకుతాడు. బంగారక్క వస్తుంది. జుట్టుపోలిగాడు వస్తాడు. వీళ్లు వాల్మీకికి తెలియరు, వ్యాసుడికి తెలియరు. ఎవరి తాలూకో ఎవరూ అడగరు. పూర్వకథ లేదు, లెవెల్ లేదు. లంకలోనైనా, విరాటుడి ఊళ్లోనైనా ఒకే దర్జాతో తిరుగుతారు. చిన్నప్పుడు నేను చూసిన ఒక ఆటలో, రాముడు దిగులుగా కూర్చున్న దృశ్యం అయిపోగానే కేతిగాడు వచ్చి శెనక్కాయల ధర గురించి మొదలుపెట్టాడు. జనం లేచి కూర్చున్నారు. నిద్రపోతున్న పిల్లలు కూడా.

కొత్త పాత్రని తేవడంలో ఉన్న చిక్కంతా ఈ ఆట ఒక్క దెబ్బతో దాటేసిందని కొన్నాళ్లు నేను మురిసిపోయాను. జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ తోలుబొమ్మలాట మీద విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేశాడు. 1989లో వచ్చిన ఆయన వ్యాసం పేరుని ‘పగ్గాలు హాస్యగాళ్ల చేతిలో’ అని తెలుగులో చెప్పుకోవచ్చు. (డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుట్టిన లేక్ జెనీవా ఊరు కూడా విస్కాన్సిన్‌లోనే ఉండటం ఉత్త కాకతాళీయమే. నాకు మాత్రం సంతోషంగా ఉంటుంది.) పేరు చెప్తున్నట్టే, హాస్యగాడు పక్కన నిలబడి నవ్వించే మనిషి కాదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కదలాలో అతని చేతిలోనూ ఉంది. ఈ మాట చదివి, మా ఆటకి కూడా ఒక కేతిగాడు కావాలని నేనే మా డీఎంతో అన్నాను.

కానీ ఆ తెర మీద ఎవరు ఏ తెలుగు మాట్లాడతారో గమనించండి. రాముడు పద్యం మాట్లాడతాడు. ఈ ఆటకి రంగనాథ రామాయణం ద్విపదల సాయం ఉంది. రాజులు, దేవతలు గ్రాంథికంలో ఉంటారు. ఊరి మాట, మనం ఇంట్లో మాట్లాడే మాట, కేతిగాడికీ బంగారక్కకీ మాత్రమే. ఆ మాట వినపడగానే జనం నవ్వడానికి సిద్ధమైపోతారు. నేను చూసినంతలో బంగారక్క ఏడ్చినా నవ్వే వచ్చింది. ఆమె దుఃఖానికి ఆ తెర మీద చోటు లేదు. ఊరి భాషకి ఆటలో ప్రవేశం దొరికింది, కానీ ఒక్క తలుపు గుండానే.

ఇప్పుడు మా మిద్దె మీదికి రండి. నా పాత్ర ఒక ముసలి మాంత్రికుడు, మాట్లాడేది “ఓయీ” అనే భాష. విజయవాడ మిత్రుడి వీరుడు ఎన్టీఆర్ పౌరాణికాల్లోంచి దిగొచ్చినట్టు మాట్లాడతాడు. మిగతా ఇద్దరివీ పేపర్ తెలుగు. మరి మా కథలో సీమ యాస ఎవరు మాట్లాడేవాళ్లు? సత్రం నడిపేవాడు, గాడిదలు తోలేవాడు, తాగుబోతు కాపలావాడు. ఇట్లా ఉండాలని ఎవరూ రూలు పెట్టలేదు. అయిదుగురిలో నలుగురం ఇక్కడ పుట్టినవాళ్లం. అమ్మతో ఫోన్లో “వస్తాండామా, నువ్వు తినుకో” అనేవాళ్లం. కానీ కథ అనగానే మా నోళ్లలోకి ఇంకెవరి భాషో వచ్చి కూర్చునేది. సీమ మాట అంటే తెలుగు సినిమాలో కత్తి పట్టుకున్నవాడిది, లేకపోతే నవ్వించేవాడిది. ఆ రెండు తలుపులే మాకూ తెలుసు. బెంగళూరులో మొదటి ఉద్యోగానికి వెళ్లిన వారంలోనే నేను ‘రోంత’ అనడం మానేశాను. ఎవరూ మానమనలేదు. ఒకసారి నవ్వారు, చాలు.

*

ఆమె మా వాళ్లలో ఒకడి చిన్నాన్న కూతురు. అనంతపురంలోనే డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తుంది. ఆట నియమాలు రెండు రోజుల్లో నేర్చుకుంది, మాకంటే బాగా. తన కమ్మరికి పుట్టిన ఊరు, చచ్చిపోయిన గురువు, ఆరిపోయిన కొలిమి అన్నీ ఒక పేజీలో రాసుకొచ్చింది. ఆ పేజీ మాలో ఎవరూ చదవలేదు. మొదటి మాటకే నవ్వేశాం కదా, ఇంక చదవడానికేముంది? మాకు కేతిగాడు దొరికాడు.

రెండో సెషన్‌లో ఆమె కోసం ఎదురుచూశాం, నవ్వడానికి. ఆమె కూడా కొంచెం నవ్వించింది. మంచి మనిషి, వచ్చినచోట కలిసిపోవాలనుకునే మనిషి. మూడో సెషన్‌లో కథ ఆ కమ్మరి ఊరికి చేరింది. ఊరు కాలిపోయి ఉంది. ఆమె నెమ్మదిగా, తన మాటలోనే, కొలిమి దగ్గర గురువు గురించి చెప్పడం మొదలుపెట్టింది. స్క్రీన్ మీది మిత్రుడు ఒక మాట పట్టుకుని అదే యాసలో తిప్పి అన్నాడు. నేను నవ్వాను. మిగతావాళ్లూ నవ్వారు. ఆమె ఆగి, “సరే, పాచిక వేస్తా” అంది. ఆ రాత్రి ఇంక ఏమీ మాట్లాడలేదు. నాలుగో సెషన్‌కి ముందు డీఎంకి మెసేజ్ పెట్టింది: నా పాత్రని చంపేయండి.

నేను ఫోన్ చేశాను. ఆమె కోపంగా లేదు, అదే ఇబ్బంది. “ఆట బాగుండాది అన్నా. మీరంతా మంచోళ్లే. కానీ ఆయమ్మికి కోపమొచ్చినా మీకు నవ్వే, ఏడుపొచ్చినా మీకు నవ్వే. ఇంగ ఆయమ్మికి ఆడ ఏం పని చెప్పు?”

నా దగ్గర జవాబు లేదు. లెక్కల టీచర్ అడిగిన ప్రశ్న కదా, నిరూపణ కూడా అందులోనే ఉంది.

విరాటపర్వాన్ని నేను పైన సగమే చెప్పాను. ప్రవేశాలు బాగా జరిగిన ఆ కొలువులోనే తర్వాత ఏమైందో మనకు తెలుసు. షరతులన్నీ ఒప్పుకుని పనిలో పెట్టుకున్న సుధేష్ణే సైరంధ్రిని కీచకుడి ఇంటికి పంపిస్తుంది. నిండు సభలో కీచకుడు ఆమెని తన్నితే రాజు ఏమీ చేయడు. తనవాళ్లే అక్కడుండి కూడా వేషం బయటపడుతుందని నోరు విప్పరు. చివర్లో, బృహన్నలని మెచ్చుకున్నందుకు విరాటుడు కంకుభట్టు ముఖం మీదికి పాచికలు విసురుతాడు. రక్తం కారుతుంది. ఏ పాచికల విద్యతో లోపలికొచ్చాడో ఆ పాచికలే. లోపలికి రానివ్వడం, లోపల ఉండనివ్వడం రెండూ ఒకటి కాదని ఆ పర్వం చెప్తోంది. ప్రవేశం ఒక్కరోజు పని. తర్వాత అంతా మిగిలే ఉంటుంది.

ముఖ్యంగా ఆ సభలో నోరు విప్పని తనవాళ్లు. ఆ మిద్దె మీద ఆమె యాస నా యాసే. విజయవాడ మిత్రుడు నవ్వాడంటే తెలియక నవ్వాడనుకోవచ్చు. నేను తెలిసి నవ్వాను. నవ్వకపోతే నా వేషం బయటపడుతుందని భయం కాబోలు. ఆ ముసలి మాంత్రికుడి “ఓయీ” వెనక ఎవరున్నారో అందరికీ గుర్తొస్తుందని.

*

కాబట్టి కొత్త పాత్రల గురించి నాకు తేలింది ఇది. కేతిగాడి దారి గొప్పది, అయితే అది పాత్ర ఎలా రావాలో చెప్తుంది, ఎలా మిగలాలో చెప్పదు. కేతిగాడు ఎంత గోల చేసినా రాముడి కథ మారదు. తెల్లారేసరికి పట్టాభిషేకం జరిగి తీరుతుంది. కథ అందరికీ తెలిసిన చోట అది చెల్లుతుంది, అందులో ఒక అందం కూడా ఉంది. కానీ మా ఆటలో ముగింపు ఎవరికీ తెలియదు. అక్కడికి వచ్చినవాళ్ల చేతిలో కథని మార్చే హక్కు లేకపోతే వాళ్లు ఆటగాళ్లు కాదు, విరామంలో వచ్చే వినోదం. నవ్వించడం తప్పు కాదు. నవ్వించడం తప్ప ఇంకేమీ చేయనివ్వకపోవడం తప్పు.

ఆధునిక తెలుగు కథకి కూడా ఇది వర్తిస్తుందనుకుంటాను. సీమ మాటని సంభాషణల్లోకి, నవ్వులోకి మాత్రమే రానిచ్చి, కథనాన్ని పత్రికల భాషకే ఉంచుకున్న రోజులు పోయాయని మనం గర్వంగా చెప్పుకుంటాం. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి లాంటివాళ్లు ఈ నేల మాటకి కన్నీళ్లూ కోపమూ ఆలోచనా అన్నీ ఇచ్చారు. వాళ్లని చదివినవాణ్ణే నేను. పుస్తకంలో ఆ మాట వస్తే గుండె బరువెక్కేది. ఎదురుగా ఒక మనిషి నోట వస్తే నవ్వాను. చదువుకి, చెవికి మధ్య ఇంత దూరం ఉంటుందని నాకు తెలియదు.

ఈ సమస్యని ఇంజినీరు బుద్ధితో ఒక చెక్‌లిస్టుగా మార్చేయాలని చేతులు దురదపెట్టాయి, నిజం చెప్పొద్దూ. ప్రవేశానికి ముందు వచ్చేవాళ్లు రాసిన పేజీ చదవాలి. సెషన్ జీరో మళ్లీ జరగాలి. కథకి వాళ్ల అవసరం పడాలి. వీలైతే గడప వాళ్లదై ఉండాలి. పాతవాళ్లలో ఒకరు సూత్రధారుడిలా అడిగే బాధ్యత తీసుకోవాలి. ఇవన్నీ మంచివే, మేము చేస్తాం కూడా. కానీ ఇవేవీ ఆ మూడో రాత్రిని కాపాడేవి కావు. ఆ రాత్రి కావలసింది ఒక్కటే, నవ్వకుండా ఉండే ఒక మనిషి.

మా డీఎం ఆమె పాత్రని చంపలేదు. చంపమని అడిగినా ఎందుకో చంపలేకపోయాడు. కమ్మరి తన ఊళ్లోనే ఆగిపోయిందని, ఆరిన కొలిమిని మళ్లీ రాజేసుకుంటోందని నోట్స్‌లో రాశాడు. ఆ ఊరు మా మ్యాప్ మీద ఉంది. ఆమె రాసిన పేజీ ఇప్పుడు అందరం చదివాం. మా నలుగురి పాత్రల వెనకకథలు కలిపినా దానికి సరిపోవు.

పోయిన శనివారం మా కథలో నా మాంత్రికుడి చేతికర్ర విరిగింది. దాన్ని అతికించగలిగే కమ్మరి ఆ లోకంలో ఒక్కతే ఉంది. ఈసారి గడప ఆమెది, చలిలో నిలబడేది మేము. ఈ సంగతి ఆమెకి ఫోన్ చేసి చెప్పాను. “చూస్తాలే అన్నా” అంది. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు.

వచ్చే నెల ఆమె వచ్చినా రాకపోయినా, ఆ గడప ముందు నా ముసలాయన ఏమని అడగాలో రాసి పెట్టుకున్నాను. “ఓయీ” తీసేశాను. బల్ల దగ్గర అందరూ వింటుండగా, మా అమ్మతో మాట్లాడే మాటలో అడగాలి: “మ్మా, చలిగా ఉండాది. మాకు రోంత చోటిస్తావా?”

వాళ్లు నవ్వుతారేమో. నవ్వనీ.